కూర్చున్నవారి సాహిత్యం

అనువాదకునికి వినేవాడు వేసే ప్రశ్నకంటె పెద్ద పరీక్ష వేరొకటి లేదు. రెండేండ్ల క్రితం భిలాయిలో, ఆదివారం సాయంకాలాలు, మా ఇంటి ముందుగదిలో కొందరు యువతీయువకులు చేరి తెలుగు వినేవారు. వీరి తాతలు ఉక్కు కర్మాగారం కట్టే రోజులలో శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలనుండి వచ్చిన కార్మికులు. ఇంట తెలుగు, బడిలో హిందీ, కొలువులో ఇంగ్లీషు: ఇదీ వీరి భాషాస్థితి. మాట్లాడడం వచ్చు, అర్థమవుతుంది, చదవడమే కష్టం. అందుచేత నేను చదివేవాణ్ణి, వారు వినేవారు. ఒకనాడు కారంచేడును గూర్చి చాలకాలం క్రితం నేను వ్రాసిన వ్యాసమొకటి చదివాను. అందులో దళితులు కొట్టబడ్డారు, తరమబడ్డారు, చంపబడ్డారు. చదవడం ముగిశాక ఇంజనీరింగు చదువుతున్న ఒక అబ్బాయి, ‘మాస్టారూ, వాళ్ళకేం జరిగిందో చెప్పారు. వాళ్ళేం చేశారో చెప్పలేదండీ’ అన్నాడు.

ఆ ప్రశ్నకు ఆనాడు నావద్ద సమాధానం లేదు. వ్యాసం తిరిగి చూసుకున్నాను. వాక్యాలన్నీ కర్మణి ప్రయోగాలే. తెలుగునుడికి అంతగా పొసగని ప్రయోగమని మన వ్యాకర్తలు చెబుతూనే వచ్చిన ఆ ‘బడు’ ధాతువు, బాధితులను గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రం మన కలాలకు ఎంత సులభంగా తగులుకుంటున్నదో అప్పుడు తెలిసింది. జాలికి కర్మణి ప్రయోగం అనువుగా ఉంటుంది. జాలిపడేవానికి ఎదుటివాడు ఏమి చేశాడన్నది అవసరం లేదు, ఎదుటివానికి ఏమి జరిగిందన్నది చాలు. హక్కుల పోరాటాలను గూర్చిన సాహిత్యాన్ని మనం చదివే తీరులోనే ఈ దోషం ఉన్నదని నాకు తోస్తున్నది. దానిని రెండు దేశాల సాహిత్యాలను పక్కపక్కన పెట్టి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అమెరికాలోని నల్లజాతివారి చరిత్ర తెలుగు పాఠకునికి ముఖ్యంగా ఒక పుస్తకం ద్వారా పరిచయం. అది అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’కు సహవాసి చేసిన తెలుగు ‘ఏడు తరాలు’. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ఈ పుస్తకం చేరని తెలుగు పఠనమందిరం అరుదు. కుంటా కింటే పేరు తెలియని చదువరి మనలో తక్కువ. అది గొప్ప అనువాదమనడంలో నాకు సందేహం లేదు. కాని ఆ పుస్తకంతోనే మన పరిచయం ఆగిపోయింది. సంకెళ్ళు, కొరడా, వేలంపాట మనకు తెలుసును. ఆ వంశపు మనుమలు, మనుమరాళ్ళు ఇరవయ్యవ శతాబ్ది నడుమ పదిహేను, పద్దెనిమిది, ఇరవై యేండ్ల వయస్సులో చేసిన పని మనకు అంతగా తెలియదు. బానిసను ఎరిగినంతగా పౌరుణ్ణి మనం ఎరుగము.

ఆ పని ఏమిటో చెప్పే ముందు, మా ఊరికి దగ్గరి సంగతి ఒకటి మనవి చేస్తాను. 1955 ఫిబ్రవరిలో భిలాయి కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. అప్పటికి దుర్గ్ జిల్లా ఉన్న మధ్యప్రదేశ్‌కు రాజధాని నాగపూరు. దుర్గ్ నుండి నాగపూరుకు రైలులో నాలుగైదు గంటల ప్రయాణం. ఆ నాగపూరులో హిస్లాప్ కళాశాలలో 1953 నుండి జేమ్స్ లాసన్ అనే నల్లజాతి యువకుడు మెథడిస్టు మిషనరీగా పనిచేస్తున్నాడు. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి నిరాకరించి స్వదేశంలో జైలుకు వెళ్ళివచ్చినవాడు. గాంధీ సత్యాగ్రహ విధానాన్ని ఇక్కడి గడ్డపై నిలిచి అధ్యయనం చేశాడు. మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతివారు బస్సులెక్కడం మానివేశారన్న వార్త 1955 డిసెంబరులో ఆయన నాగపూరులోనే పత్రికలో చదివాడు. 1956లో స్వదేశం చేరి, తరువాత నాష్‌విల్ నగరంలో విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టాడు. అదే 1956 అక్టోబరు 14న, అదే నాగపూరులో, అంబేడ్కర్ లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించారు. ఒక ఊరినుండి ఒకే ఏట రెండు దారులు బయలుదేరినవి. ఒకటి సముద్రాలు దాటి వెళ్ళింది. రెండవది మన వెలివాడలకు వచ్చింది.

లాసన్ శిక్షణను గూర్చి అందులో పాల్గొన్నవారు విపులంగా వ్రాశారు. చర్చి గదిలో కుర్చీలు వరుసగా వేసి, కొందరు విద్యార్థులు హోటలులో కూర్చున్నట్లు కూర్చునేవారు. తక్కినవారు దౌర్జన్యపరుల వేషం కట్టి వారిని తిట్టడం, జుట్టు లాగడం, ముఖంపై పొగ ఊదడం చేసేవారు. కూర్చున్నవారు లేవరాదు, తిరిగి కొట్టరాదు. డయేన్ నాష్, జాన్ లూయిస్, బెర్నార్డ్ లాఫయెట్ ఈ గదిలో తయారైనవారే. ఇరవై అటూ ఇటూ వయస్సువారు. ఈలోగా 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు మొదటి సంవత్సరం కళాశాల విద్యార్థులు వుల్‌వర్త్ దుకాణంలో తెల్లవారికి మాత్రమే వడ్డించే బల్లముందు కూర్చుని కాఫీ అడిగారు. వడ్డించలేదు. దుకాణం మూసేదాకా వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి దక్షిణాది రాష్ట్రాలలో పట్టణం వెంట పట్టణం ఇదే దృశ్యం. నాష్‌విల్‌లో మే నెలకే బల్లలు అందరికీ తెరుచుకున్నవి.

ఈ క్రియకు ఇంగ్లీషులో ‘సిట్-ఇన్’ అని పేరు. దీనిని తెలుగు చేయబోతే అనువాదకుడు చిక్కున పడతాడు. ‘ధర్నా’ అందామా? ధర్నా చేసేవాడు ఇతరుల గుమ్మం ముందు కూర్చుంటాడు. అతడు కోరేది గుమ్మం లోపల ఉన్నది. ‘సత్యాగ్రహం’ అందామా? మాట పెద్దది, ఈ చిన్న పని అందులో మునిగిపోతుంది. మన పత్రికలవారి ‘బైఠాయింపు’ హిందీ నుండి వచ్చినది. భిలాయిలో నాకు రోజూ వినబడే ‘బైఠో’ దాని చుట్టమే. కాని బైఠాయించేవాడు దారికి అడ్డంగా కూర్చుంటాడు. గ్రీన్స్‌బరో విద్యార్థులు ఎవరి దారికీ అడ్డం కూర్చోలేదు. కాఫీ తాగేవాడు ఎక్కడ కూర్చుంటాడో అక్కడ కూర్చున్నారు. ఆ క్రియకు విశేషమంతా ఇందులోనే ఉన్నది. వారు హక్కును అడగలేదు, వాడుకున్నారు. వాడుకోనివ్వని లోకం తన స్వరూపం తానే బయటపెట్టుకున్నది. అందుచేత నేను ‘కూర్చోవడం’ అన్న సామాన్యమైన మాటనే ఉంచుతున్నాను. అంతకంటె ఘనమైన మాట దీనికి పనికిరాదు.

అడగడానికీ వాడుకోవడానికీ మధ్య ఉన్న ఈ దూరం వయస్సుతో ముడిపడి ఉన్నదని ఆ పోరాటపు చరిత్ర చెబుతున్నది. మాంట్‌గోమరీలో రోజా పార్క్స్‌కు తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, పదిహేనేండ్ల క్లాడెట్ కోల్విన్ బస్సులో సీటు వదలడానికి నిరాకరించి అరెస్టు అయింది. పెద్దలు ఆమెను ఉద్యమ చిహ్నంగా నిలపడానికి సంకోచించారు. కాని మరుసటి ఏడు బస్సులలో వేర్పాటును రద్దుచేయించిన దావాలో వాదులైన నలుగురు స్త్రీలలో ఆమె ఒకతె. 1957లో లిటిల్‌రాక్ పాఠశాలలో సైనికుల కాపలా మధ్య అడుగుపెట్టిన తొమ్మండుగురూ బడిపిల్లలు. 1963 మే 2న బర్మింగ్‌హామ్‌లో వేయిమందికి పైగా పిల్లలు బడి విడిచి వీధులలోకి వచ్చారు; మరునాడు వారిపై నీటిగొట్టాలు, కుక్కలు ప్రయోగించారు. పిల్లలను ముందు నిలపడం న్యాయమా అని ఆనాడు ఉద్యమంలోనే తీవ్రమైన వాదం జరిగింది. ఆ వాదం నేటికీ తేలికగా తీసివేయదగినది కాదు.

ఈ పోరాటం నుండి పుట్టిన గ్రంథాలలో తెలుగులోకి రావలసినవాటిని ఎన్నుకొమ్మంటే, నేను మొదట ఆన్ మూడీ స్వీయచరిత్ర ‘కమింగ్ ఆఫ్ ఏజ్ ఇన్ మిసిసిపీ’ పేరు చెబుతాను. 1968లో వెలువడేనాటికి ఆమెకు ముప్పది యేండ్లు నిండలేదు. 1963 మే 28న జాక్సన్ నగరంలో వుల్‌వర్త్ బల్లముందు కూర్చున్నవారిలో ఆమె ఒకతె. మూక వారి తలలపై పంచదార, ఆవపిండి పచ్చడి, టమాటా రసం కుమ్మరించిన ఘట్టం ప్రసిద్ధమే. కాని ఆ పుస్తకానికి ప్రాణం ఆ ఘట్టం కాదు, తల్లికీ కూతురికీ మధ్య పెరిగిన దూరం. 1955 ఆగస్టులో తన యీడువాడైన ఎమెట్ టిల్, పదునాలుగేండ్ల బాలుడు, మిసిసిపీలో హత్యకు గురయ్యాడు. ఆ వార్త వినివచ్చిన కూతురిని, తెల్లవారి ఇంట పనిచేసేటప్పుడు ఏమీ ఎరగనట్లుండమని తల్లి హెచ్చరిస్తుంది. కూతురు కళాశాలలో ఉద్యమంలో చేరాక, ఇంటివారి ప్రాణాలకు ముప్పు తేవద్దని తల్లి జాబులు వ్రాస్తుంది. చివరకు కూతురు సొంత ఊరికి పోలేని స్థితి వస్తుంది. ఆ తల్లి పిరికిది కాదు, పిల్లలను బ్రతికించుకోవడమే జీవితమంతా చేసిన పోరాటంగా గలది. ఆమె భయాన్ని రచయిత్రి ఎక్కడా ఎగతాళి చేయలేదు, క్షమించనూ లేదు. గ్రంథం జయఘోషతో ముగియదు, సందేహంతో ముగుస్తుంది. పోరాటంలో ఉన్న యువజనులు ఆశకు ప్రతిమలు కారని, అలసిపోయే మనుష్యులని నమ్మించిన పుస్తకమిది.

భయపడే పెద్దలతోపాటు చోటిచ్చే పెద్దలు కూడ ఉంటారు. 1960 ఏప్రిల్‌లో విద్యార్థులను రాలే పట్టణానికి పిలిచి సమావేశపరచిన ఎల్లా బేకర్‌కు అప్పటికి ఏబదియారేండ్లు. పేరుగల సంస్థలు ఈ విద్యార్థులను తమ యువజన శాఖగా చేర్చుకోవాలని చూసినప్పుడు, మీ నిర్ణయాలు మీరే చేసుకోండి అని వారిని ప్రోత్సహించినది ఆమె. విద్యార్థి అహింసా సమన్వయ సంఘం అట్లా స్వతంత్రంగా నిలిచింది. మూడేండ్ల తరువాత వాషింగ్టన్ మహాసభలో ఆ సంఘం పక్షాన మాట్లాడిన జాన్ లూయిస్ వయస్సు ఇరవైమూడు. ఆయన ఉపన్యాసంలోని కరకుమాటలను సభకు ముందు పెద్దలు మెత్తపరిపించారు. ఎల్లా బేకర్ ఈడుకు చేరుతున్న నేను ఈ రెండు సంగతులనూ కలిపి ఆలోచిస్తూ ఉంటాను. పెద్దవాడు చేయగలిగిన పనులు రెండే: మాట మెత్తపరచడం, లేదా గది ఖాళీచేసి ఇవ్వడం.

ఇక మన సాహిత్యానికి వద్దాము. ‘మాలపల్లి’ 1922 నాటిది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు అప్పటికి నలుబదియైదేండ్లవారు. ఆ నవలలో క్రియ అంతా యువకులదే. సంగదాసు ఆలోచిస్తాడు, తోడివారిని కూడదీస్తాడు, భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణాలు విడుస్తాడు. తమ్ముడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై తిరుగుబాటు దారి పడతాడు. అయినా నా విద్యార్థిదశలో మాకు ఆ నవల రామదాసు సహనాన్ని చెప్పే కథగా బోధపడింది. తండ్రి వేదాంతాన్ని మేము మెచ్చుకున్నాము. కొడుకుల పని మాకు దుఃఖకారణంగా మాత్రమే కనిపించింది. గ్రంథంలో కర్త ఉండి కూడ పఠనంలో కర్త లేకపోవడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

జాషువా ‘గబ్బిలం’ సంగతి వేరు. 1941 నాటి ఆ కావ్యంలో గుడిలోకి పోరాని మనిషి, గుడిలోకి పోగల గబ్బిలంతో శివునికి సందేశం పంపుతాడు. సందేశకావ్యాల సంప్రదాయాన్ని ఇంత వ్యంగ్యంగా, ఇంత గంభీరంగా తిప్పి వాడుకున్న కవి మరొకడు లేడు. అయితే సందేశం అన్నది విన్నపానికి రూపం. తాను పోలేడు కాబట్టి రెక్కలున్నదాన్ని పంపాడు. 1941లో ఆ కవికి సాధ్యమైన అత్యంత సాహసం అది. తరువాతి తరం వేసుకున్న ప్రశ్న మరొకటి: సందేశం ఎందుకు, మనమే పోతే ఏమి? ఎండ్లూరి సుధాకర్ తన కావ్యానికి ‘కొత్త గబ్బిలం’ అని పేరు పెట్టడంలో ఆ ఋణమూ ఆ ఎడమూ రెండూ ఉన్నవి.

ఈ మార్పుకు నేపథ్యంగా ఒక చట్టాన్ని గుర్తు చేసుకోవాలి. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, వినోదశాలలు, బావులు, చెరువులు, దారులు అందరివని చెప్పింది. దీనిని అమలు జరపడానికి అస్పృశ్యతా నేరాల చట్టం 1955లో వచ్చింది. 1976లో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారింది. ఆ చట్టంలో ‘పౌరహక్కు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం గమనార్హం: అంటరానితనం రద్దయినందువల్ల మనిషికి సంక్రమించే హక్కు ఏదైనా పౌరహక్కే. తెలుగులో మనం ‘పౌరహక్కులు’ అనే మాటను ఎక్కువగా ప్రభుత్వ నిర్బంధానికి ఎదురు నిలిచే స్వేచ్ఛలకు వాడుతున్నాము. తోటి పౌరుడు అడ్డగించిన బావిని, బల్లను, బాటను వాడుకునే హక్కు అన్న అర్థం మన వాడుకలో వెనుకబడింది. మాట ఇరుకైతే చూపు కూడ ఇరుకవుతుంది.

ఇక్కడ రెండు దేశాలకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. అమెరికాలో విద్యార్థులు కూర్చున్న తరువాత, 1964 జులైలో, హోటళ్ళూ సినిమాశాలలూ అందరివని చెప్పే చట్టం వచ్చింది. మనకు చట్టం ముందు వచ్చింది, కూర్చోవలసిన పని తరువాతి తరాలకు మిగిలింది. 1955లో కాగితంపై ఉన్న హక్కును, అప్పటికి పుట్టని పిల్లలు 1985లోనూ, 1991లోనూ ప్రాణాలొడ్డి వాడుకోవలసి వచ్చింది.

కారంచేడులో వివాదం మొదలైనది తాగునీటి చెరువు దగ్గర. ఆ నీటిని మురికి చేయవద్దని ఒక దళిత యువకుడు అభ్యంతరం చెప్పాడు. అతనిపై చేయిచేసుకోబోతే నీటికి వచ్చిన స్త్రీ బిందె ఎత్తి అడ్డుకున్నది. మరునాడు, 1985 జులై 17న, వాడపై దాడి జరిగి ఆరుగురు హతులయ్యారు. చుండూరులో వివాదం మొదలైనది సినిమాహాలులో. కళాశాల చదువు చదివిన దళిత యువకుని కాలు మరొకరికి తగిలిందన్నది కారణం. సాంఘిక బహిష్కారం నడిచింది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది హతులయ్యారు. ఒకచోట నీరు, ఒకచోట ఆసనం. 1955 నాటి చట్టం రక్షిస్తానన్న వస్తువులే ఇవి రెండూ.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే నేను మళ్ళీ నా పాత వ్యాసమే వ్రాసినవాడనవుతాను. వారేమి చేశారన్నది ఆ అబ్బాయి ప్రశ్న. కారంచేడు బాధితులు చీరాల చేరి శిబిరం నిలిపారు, ఊరికి తిరిగి పోవడానికి నిరాకరించారు. ఆ శిబిరం నుండే దళిత మహాసభ పుట్టింది. దాని ప్రధాన కార్యదర్శి కత్తి పద్మారావు అప్పటికి ముప్పదిరెండేండ్ల సంస్కృతోపన్యాసకుడు. అధ్యక్షుడు బొజ్జా తారకం ప్రభుత్వ న్యాయవాది పదవి వదలి వచ్చిన కవి. ఎల్లా బేకర్ వలె తారకం కూడ చోటిచ్చిన పెద్దలలో ఒకరు. చుండూరువారు తమ మృతులను ఊరి నడుమ పూడ్చి ఆ స్థలానికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. వారి యువ కార్యకర్త ఒకడు కొద్ది వారాలలో పోలీసు కాల్పులలో మరణించాడు. విచారణ తమ ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి, ప్రత్యేక న్యాయస్థానాన్ని చుండూరుకే రప్పించారు. 2007లో ఆ న్యాయస్థానం ఇరవైయొక్కమందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టివేసింది. గెలిచారని నేను అనను. చేశారని అంటున్నాను.

ఈ క్రియలకు భాష ఇచ్చినది కవిత్వం. 1972లో బొంబాయిలో నామదేవ్ ఢసాల్ మొదలైన యువకవులు, అమెరికాలోని బ్లాక్ పాంథర్ల పేరు తలచుకుని, దళిత పాంథర్లుగా నిలిచారు. తెలుగులో ఆ అల చుండూరు తరువాత ఉప్పొంగింది. మద్దూరి నగేష్‌బాబు, కలేకూరి ప్రసాద్, పైడి తెరేష్‌బాబు, చల్లపల్లి స్వరూపరాణి: 1991 నాటికి వీరెవరికీ ముప్పది యేండ్లు నిండలేదు. జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంకలనం చేసిన ‘చిక్కనవుతున్న పాట’ 1995లో వెలువడి ఈ స్వరాలను ఒకచోట వినిపించింది. సంప్రదాయ విమర్శకులు కొందరు దీనిని ఆవేశమన్నారు, నినాదమన్నారు. వారికి నా సమాధానం ఆ కవిత్వపు వ్యాకరణంలోనే ఉన్నది.

కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ చూడండి. కవితలో వక్త తన పుట్టుక ఎప్పుడో ఎరుగడు. వేలయేండ్ల క్రితమే ఈ నేలపై తాను హతుడైన సంగతి మాత్రం ఎరుగును. అంటే కవిత కర్మణితోనే మొదలవుతున్నది. ఆపై వక్త తన పేరు కంచికచర్ల కోటేశు అని చెప్పుకుంటాడు. 1968లో దొంగతనం మోపి సజీవదహనం చేసిన యువకుడు కోటేశు. కీళ్‌వెణ్మణి, కారంచేడు తన జన్మస్థలాలంటాడు. చనిపోయినవారి పేరును బ్రతికినవాడు తన పేరుగా ధరించగానే ‘చంపబడినవాడు’ మాట్లాడే ‘నేను’ అవుతున్నాడు. కవిత నడిచిన కొద్దీ క్రియాపదాలన్నీ ఆ ‘నేను’ను ఆశ్రయిస్తున్నవి. ఇది ఆవేశం మాత్రమే అయితే ఈ క్రమం కుదరదు. ఆన్ మూడీ తన జ్ఞానోదయాన్ని ఎమెట్ టిల్ మరణంనుండి లెక్కించినట్లే, కలేకూరి తన పేరును కోటేశు మరణంనుండి తెచ్చుకున్నాడు. ఒకరి నొకరు ఎరగని ఇద్దరు రచయితలు ఒకే పని చేశారంటే, అది అనుకరణ కాదు, అవసరం.

ఈ పోలికను హద్దు దాటించరాదు. జాతి వేరు, కులం వేరు. నాష్‌విల్ విద్యార్థులకు నెలల శిక్షణ ఉన్నది, ఏ రోజు ఎవరు కూర్చోవాలో పట్టిక ఉన్నది. కారంచేడు చెరువు దగ్గర, చుండూరు సినిమాహాలులో ఎవరూ పథకం వేసుకుని రాలేదు. నిత్యజీవితపు పనిలోనే పోరాటం వచ్చి మీద పడింది. అందుచేత మన కవిత్వంలో ఆన్ మూడీ వచనంలోని దినచర్య, సందేహం, అలసట తక్కువ, ప్రకటన ఎక్కువ. ఇది గుణమూ లోపమూ రెండూను. బిందె ఎత్తిన స్త్రీ కథలలో, పాటలలో ప్రతీకగా నిలిచింది గాని, ఆమె ఈడు స్త్రీలు తమ మాటలలో చెప్పుకున్న చరిత్ర ఆలస్యంగా వచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వాన 2003లో వెలువడిన ‘నల్లపొద్దు’ ఆ లోటును కొంత పూరించింది. క్లాడెట్ కోల్విన్‌ను పక్కన పెట్టిన పెద్దలు ఒక్క మాంట్‌గోమరీలోనే లేరు.

ఈ కథ 1990లతో ముగియలేదు. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టలు నుండి వెలివేతకు గురైన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలోనే ఆరుబయట డేరా వేసుకుని కూర్చున్నారు. ఆ డేరాకు ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. నగేష్‌బాబు కవితాసంపుటి పేరు కూడ అదే. వెలివేసినవారు ఇచ్చిన మాటను వెలికి గురైనవారు తమ గుమ్మంపై తామే వ్రాసుకోవడం కవి చేసే పని. దానిని విద్యార్థులు చేశారు. జనవరి 17న వారిలో ఒకడైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. గుంటూరు నుండి వచ్చిన ఇరవైయారేండ్ల యువకుడు. అతణ్ణి మనం మరణంతోనే జ్ఞాపకం పెట్టుకున్నాము. ఆ మరణానికి ముందు చలిరాత్రులలో అతడు తోటివారితో కూర్చుని ఉన్నాడన్నది కూడ జ్ఞాపకం ఉండాలి. లేకపోతే అతడు కూడ మన వాక్యాలలో కర్మగానే మిగిలిపోతాడు.

విమర్శకుని బాధ్యత ఏమిటన్న ప్రశ్న చివరకు మిగులుతున్నది. యువజనులను ‘రేపటి ఆశ’ అని పొగడడం మనకు అలవాటు. గ్రీన్స్‌బరో నలుగురికీ, చుండూరు యువకునికీ రేపటితో పని లేదు. వారు కూర్చున్నది ఆ రోజున. వారి రచనలను యౌవనోద్రేకంగా కాక, ఆలోచించి చేసిన పనికి సాక్ష్యంగా చదవడం మొదటి బాధ్యత. ఆన్ మూడీ, జాన్ లూయిస్ వంటివారి గ్రంథాలు తెలుగులోకి, నగేష్‌బాబు, కలేకూరిల కవిత్వం హిందీలోకి, ఇంగ్లీషులోకి విరివిగా చేరేటట్లు చూడడం రెండవది. అనువదించేటప్పుడు వారి కర్తరి వాక్యాలను మన జాలితో కర్మణి చేయకపోవడం అన్నిటికంటె కష్టమైనది.

నా పాత వ్యాసాన్ని తిరిగి వ్రాశాను. చంపబడ్డారు అన్నచోట ఎవరు చంపారో వ్రాశాను. ఆ తరువాత, చంపించుకోని వారు ఏమి చేశారో వ్రాశాను. వ్యాసం రెట్టింపయింది. కిందటి ఆదివారం దానిని మా ముందుగదిలో చదవబోతూ ఉండగా, ఆ అబ్బాయే, ‘మాస్టారూ, ఈసారి నేను చదువుతానండీ’ అని చేయి చాచాడు. ఏడాదిగా అక్షరాలు దిద్దుకుంటున్నాడట. నా కుర్చీ అతనికిచ్చి నేను చాపమీద కూర్చున్నాను. తడుముకుంటూనే చదివాడు. తప్పులు దిద్దబోయి ఆగిపోయాను.